చూపునకు లెక్క కట్టినవారు

గుంటూరు నుండి తెనాలికి పోవు రైలుదారిలో సంగం జాగర్లమూడి అను గ్రామము కలదు. కృష్ణ నీరు పారు కాలువ, సంగమేశ్వరస్వామి కోవెల, చుట్టును వరిచేలు గల ఊరది. ఇట్టి డెల్టా గ్రామమున ఎన్ని ఎకరములు సాగగుచున్నవో, ఎకరమునకు ఎన్ని బస్తాలు పండినవో అడిగిన వెంటనే చెప్పగలవారుందురు. కాని ఈ ఊరిలో చూపు సరిగా లేనివారెందరు, వారి చూపు ఎందువలన తగ్గినది అని అడిగినచో, చాలకాలము వరకు ఏ చిట్టాలోను జవాబు దొరకెడిది కాదు. ఒక్క సంగం జాగర్లమూడి మాటయే కాదు, తెలుగుదేశమునందలి ఏ పల్లెకైనను ఇదే స్థితి. ఆ ప్రశ్నను పట్టుకొని ఇంటింటికి పోయిన శాస్త్రజ్ఞుల చరిత్రను, వారి లెక్కలో తేలిన విచిత్రమైన సత్యమును ఈ ప్రసంగమున శ్రోతలకు మనవి చేయదలచితిమి.

తెలుగునాట చత్వారము అను మాట ఎరుగని ఇల్లు లేదు. సంస్కృతమున నలుబదికి చత్వారింశత్ అని పేరు. నలుబదేండ్ల వయసున పొడచూపునది గనుక చత్వారమైనదని పెద్దలు చెప్పుదురు. పుస్తకమును చేయి చాచినంత దూరమునకు జరుపుకొని చదువుట, సూదిలో దారమెక్కించుటకు మనుమరాలిని పిలుచుట, చేటలో బియ్యము పోసికొని రాయి ఏదో గింజ ఏదో తెలియక తడుముకొనుట, ఇవి దాని గుర్తులు. అది వచ్చు వయసును పేరులోనే నిలిపిన మన పూర్వులు చక్కని పరిశీలకులని ఒప్పుకొనవలెను. కాని అది ఎందువలన వచ్చునను ప్రశ్నకు జవాబు చెప్పుటకు దృష్టిశాస్త్రము చాల దూరము నడువవలసి వచ్చెను.

చత్వారమునకు అద్దము ముందు వచ్చినది, కారణము తరువాత తెలిసినది. నడుమ ఉబ్బెత్తుగా నుండు గాజుబిళ్లలను కండ్లకు తగిలించుకొను వాడుక 13వ శతాబ్దపు చివరి దశకములలో ఇటలీ దేశమున పుట్టినది. తరువాత మూడువందల ఏండ్లు లోకులు వానిని వాడుకొనిరే కాని, అవి చూపును ఎట్లు సరిదిద్దుచున్నవో ఎవరికిని తెలియదు. 1604లో జర్మనుదేశీయుడైన కెప్లరు ఆ ముడి విప్పెను. గ్రహముల గతులను కనుగొన్న కెప్లరే ఈయన. బయటి వస్తువుల నుండి వచ్చిన వెలుగు కంటిలో వంగి, వెనుకనున్న నేత్రపటలము మీద బొమ్మగా పడుచున్నదనియు, ఆ బొమ్మ తెర ముందైనను వెనుకనైనను ఏర్పడినచో చూపు మసకబారుననియు, తగిన అద్దము ఆ బొమ్మను తెరమీదికి తెచ్చుననియు ఆయన వివరించెను.

మరి దగ్గరివస్తువును, దూరపువస్తువును ఒకే కన్ను ఎట్లు స్పష్టముగా చూడగలుగుచున్నది? ఇంగ్లండు దేశమున థామస్ యంగ్ అను వైద్యుడు దీనికి తన కంటినే ప్రయోగశాలగా చేసికొనెను. కంటి ముందుభాగమున నున్న పారదర్శకమైన పొర వెలుగును మిక్కిలి వంచును. కన్ను నీటిలో నున్నప్పుడు ఆ పొరశక్తి దాదాపు పోవును. యంగ్ తన కంటికి నీరు నింపిన గొట్టమును ఆనించి, పోయిన శక్తికి మారుగా ఒక గాజుబిళ్లను అమర్చి చూచెను. అప్పటికిని ఆయన కన్ను దూరమునకు, దగ్గరకు సర్దుకొనుచునే యున్నది. కావున ఆ సర్దుబాటు పై పొరలో లేదు, లోపలి కటకములో నున్నదని ఆయన 1801లో ప్రకటించెను. బాల్యమున ఈ కటకము మెత్తగా నుండి, దగ్గరివస్తువును చూచునపుడు ఉబ్బును. ఏండ్లు గడచిన కొలది గట్టిపడి ఉబ్బుటకు మొరాయించును. ఇదియే చత్వారము.

హ్రస్వదృష్టి కథ వేరు. పెద్దవారి కంటిగ్రుడ్డు ముందునుండి వెనుకకు సుమారు 24 మిల్లీమీటర్ల పొడవుండును. అది ఒక్క మిల్లీమీటరు అధికముగా సాగినను బొమ్మ నేత్రపటలమునకు ముందే నిలిచిపోవును, దూరపుచూపు మసకబారును. ఆ తేడాను సరిచేయుటకు రెండున్నర మొదలు మూడు డయాప్టర్ల అద్దము కావలసి యుండును. బడిలో నల్లబల్ల మీది అక్షరములు కానరాక, పక్కవాని పలకను చూచి వ్రాసికొను బాలుని కష్టమునకు మూలము చాలసార్లు ఆ మిల్లీమీటరే. హాలెండు దేశమున యుట్రెక్టు నగరమందు స్నెల్లెన్ 1862లో చూపును కొలుచు అక్షరముల పటమును తయారుచేసెను. ఆ నగరమందే డాండర్సు 1864లో ఈ దోషములన్నిటిని విడదీసి గొప్ప గ్రంథము వెలువరించెను. అనగా ఏ దోషమునకు ఏ అద్దము పెట్టవలెనో నూటఅరువది ఏండ్ల క్రిందటనే శాస్త్రము తేల్చినది. మందు లేదు, కత్తి లేదు. ఒక పటము, కొన్ని గాజుబిళ్లలు, చూడనేర్చిన మనిషి ఒకడు ఉన్న చాలును.

ఐనను ఆ విద్య పల్లెలకు చేరలేదు. చెన్నపట్టణమున 1819లోనే కంటి ఆసుపత్రి వెలసినది. ప్రపంచమున అతిప్రాచీనములైన కంటి ఆసుపత్రులలో అది యొకటి. నాటి మద్రాసు రాజధానిలో తెలుగు జిల్లాలును చేరియుండెను. ఆ ఆసుపత్రి అధ్యక్షుడైన ఎలియట్ నీటికాసులకు 1909లో చేసిన శస్త్రచికిత్స లోకమంతట ఆయన పేరనే ప్రసిద్ధి కెక్కెను. విద్యలో లోపము లేదు. కాని ఆసుపత్రి చిట్టాలో ఆసుపత్రికి వచ్చినవారి పేరులే యుండును. బండి కట్టుకొని, రైలెక్కి, పనిరోజులు పోగొట్టుకొని రాగలిగినవారే వచ్చిరి. వయసు మీదపడినది, చూపు పోయినదని ఇంట అరుగు మీద కూర్చుండిపోయిన ముసలివారిని లెక్కించిన చిట్టా లేదు.

దీనికి తోడు లెక్క కట్టు పద్ధతిలోనే ఒక చిక్కు కలదు. అంధత్వమును నిర్ణయించుటకు అంతర్జాతీయముగా అమలులో నుండిన సూత్రము, తగిన అద్దములు పెట్టిన పిదప వచ్చు చూపును కొలువుమని చెప్పుచుండెను. తర్కము బాగుగనే యున్నది. అద్దముతో తీరు లోపము గ్రుడ్డితనమెట్లగును? కాని అద్దము ఇంటలేని మనిషికి ఆ తర్కమెందుకు? పరీక్షగదిలో అద్దము పెట్టి, అతడు గ్రుడ్డివాడు కాడని వ్రాసికొని, ఆ అద్దము తీసివైచి ఇంటికి పంపినచో, వాకిలి దాటగనే అతడు మరల గోడ తడుముకొనవలసినదే. ఇట్టివారు ఎన్ని లక్షలున్నను లెక్కలోనికి వచ్చెడివారు కారు. లెక్కలో లేని బాధకు ప్రభుత్వపు పద్దులోను చోటు దొరకదు.

ఈ స్థితిని మార్చిన ప్రయత్నము తెలుగుగడ్డ మీదనే జరుగుట మనకు గర్వకారణము. సంగం జాగర్లమూడికి సమీపమున నున్న గుంటూరు వైద్యకళాశాలలో చదువుకొన్న గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు ఢిల్లీలో నేత్రవైద్యమభ్యసించి, అమెరికాలో బోస్టను, రోచెస్టరు నగరములలో పరిశోధనయు, అధ్యాపనమును సాగించిరి. 1986లో స్వదేశమునకు మరలి వచ్చిరి. ఏలూరు ప్రాంతపు సోమవరప్పాడున 1908లో పుట్టి, చలనచిత్రరంగమున పేరుపొందిన ఎల్.వి. ప్రసాదుగారు హైదరాబాదు బంజారాహిల్సులో ఐదెకరముల స్థలమును, కోటి రూపాయల ధనమును ఈ కార్యమునకు దానము చేసిరి. ఆ విధముగా 1987లో ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య విజ్ఞానసంస్థ తలుపులు తెరచినది. తెరమీద బొమ్మలాడించి జనుల కండ్లకు విందు చేసిన కళాకారుడు తుదకు ఆ కండ్లకే చూపునీయ సంకల్పించుట ముచ్చటైన విషయము.

ఆ సంస్థ చేసిన పనులలో శస్త్రచికిత్సలు అందరికి తెలియును. మేము ఇచ్చట చెప్పదలచినది అంతగా ప్రచారములోనికి రాని వేరొక పని. లలిత్ దండోనా గారును, వారి సహచరులును 1996లో ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనము అను పేర ఒక సర్వే ప్రారంభించిరి. హైదరాబాదు నగరము, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు జిల్లాలు ఇందులకు ఎన్నికైనవి. మన కృష్ణా డెల్టావలె కాలువలక్రింద వరి పండు సీమయొకటి, మెట్టసీమలు రెండు, మహానగర మొకటి.

అన్నముడికినదో లేదో తెలియుటకు ఒక మెతుకు పట్టి చూచిన చాలునందురు. కాని ఆ మెతుకు కుండ అంచునుండియే ఎల్లప్పుడు తీసినచో మోసపోవుదుము. అందువలన వారు తమ ఇష్టము వచ్చిన ఊళ్లను గాక, గణితశాస్త్ర నియమమును బట్టి యాదృచ్ఛికముగా పడిన ఊళ్లను, వాడలను, ఇండ్లనే తీసికొనిరి. ఎంపికైన 11,786 మందిలో 10,293 మందిని, అనగా నూటికి 87 మందిని పరీక్షించిరి. రాలేనివారి ఇంటికే పరికరములు మోసికొని పోయిరి. అద్దములున్నవారిని అద్దములతో, లేనివారిని లేకుండగనే, నిత్యజీవితమున వారెట్లు చూచుచున్నారో అట్లే మొదట కొలిచిరి. ఆ తరువాతనే తగిన అద్దములు పెట్టి చూపు ఎంత మెరుగగునో కనుగొనిరి. మామూలు కన్ను 60 మీటర్ల దూరమున గుర్తింపగల అక్షరమును, బాగుగా నున్న కంటితో 6 మీటర్ల దగ్గరినుండియు గుర్తింపలేనివారిని అంధులుగా నెంచిరి. దృష్టిక్షేత్రము మిక్కిలి కుంచించుకొని పోయినవారిని గూడ వారిలో చేర్చిరి.

2000లో సర్వే ముగిసినది. నూటికి 1.84 మంది అంధులని తేలినది. చూచుటకు చిన్న సంఖ్యయే. కాని 2001 జనాభా లెక్కల ప్రకారము నాటి ఆంధ్రప్రదేశ్‌లో ఏడుకోట్ల అరువదిరెండు లక్షల జనమున్నందున, ఆ పాళ్లను బట్టి సుమారు 14 లక్షల మంది అగుచున్నారు. వారిలో నూటికి 44 మందికి కారణము శుక్లము. ఇది ఊహించినదే. ఆశ్చర్యము రెండవ కారణమునందు కలదు. నూటికి 16 మందికి పైగా, అనగా మన లెక్కలో రెండు లక్షలను మించినవారికి, అద్దములతో సరిదిద్దదగిన దోషమే అంధత్వ కారణమై యున్నది. పూర్తిగా అంధులు కాక, చూపు ఒక మోస్తరుగా దెబ్బతినినవారిని తీసికొన్నచో ఆ దోషమే మొదటి స్థానమాక్రమించినది. వారిలో నూటికి సుమారు 46 మంది బాధకు అదియే కారణము.

ఈ బాధ అందరికి సమముగా పంచబడలేదని గూడ అధ్యయనము చూపినది. వయసు పెరిగిన కొలది అంధత్వము పెరుగుట సహజమే. కాని పేదలలోను, పల్లెవాసులలోను, స్త్రీలలోను అది అధికముగా నుండుట సహజము కాదు. కన్ను స్త్రీపురుష భేదము నెరుగదు, చికిత్స కొరకు బండెక్కించు ఇల్లు మాత్రము ఎరుగును. ఇంటి పెద్దకు చూపు తగ్గినచో పట్టణమునకు తీసికొని పోవుదురు. ఇల్లాలికి తగ్గినచో, పొయ్యి దగ్గర పనికి ఆ చూపు చాలునందురు. ఎదిగిన ఆడపిల్లకు కండ్లజోడు పెట్టినచో పెండ్లి కుదరదని భయపడిన తల్లిదండ్రులు మన సంఘములో ఎందరో కలరు. డాండర్సు గ్రంథమందు ఈ దోషములకు మందు లేదు.

హైదరాబాదు లెక్క అంతర్జాతీయ చర్చలో తన వంతు పాత్ర నిర్వహించినది. ప్రపంచ ఆరోగ్యసంస్థయు, అంధత్వ నివారణకై ఏర్పడిన అంతర్జాతీయ సంస్థయు కలిసి 1999లో విజన్ 2020 అను ఉద్యమమును ఆరంభించినపుడు, ప్రధానలక్ష్యములలో అద్దముల కొరతను గూడ చేర్చిరి. ఆ రెండవ సంస్థకు నాడు ప్రధాన కార్యదర్శి నాగేశ్వరరావుగారే. అద్దము పెట్టిన పిదప వచ్చు చూపును గాక, మనిషి ఎట్లు వచ్చెనో అట్టి చూపునే కొలువవలెనని 2003లో జెనీవాలో జరిగిన నిపుణుల సమాలోచన సిఫారసు చేసినది. లలిత్ దండోనా, రాఖీ దండోనా గారలు 2006లో ఈ విషయమునే వాదించుచు వ్యాసము ప్రచురించిరి. క్రొత్త పద్ధతిని లెక్కించి చూడగా, తగిన అద్దములు లేక చూపు దెబ్బతినినవారు 2004 నాటికి లోకమున 15 కోట్ల 30 లక్షలనియు, వారిలో 80 లక్షలమంది అంధులనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ తేల్చినది. వీరెవ్వరును పాత లెక్కలో లేరు.

ఈ సందర్భమున మరియొక శాస్త్రజ్ఞుని స్మరింపవలసి యున్నది. ఆస్ట్రేలియా దేశీయుడైన బ్రయన్ హోల్డెన్ సిడ్నీ నగరమున దృష్టిశాస్త్ర ఆచార్యులు. కంటి ముందుపొరలో రక్తనాళములు లేవు. అది గాలినుండియే ప్రాణవాయువును గ్రహించును. కంటిపై అంటించుకొను కటకము ఆ గాలిని అడ్డగించినచో పొర ఉబ్బును. ఎంత ప్రాణవాయువును పోనిచ్చిన కటకము నిరపాయకరమో హోల్డెన్, మెర్జ్ అనువారు 1984లో కొలిచి చెప్పిరి. ఆ కొలతలు క్రొత్తరకపు కటకముల నిర్మాణమునకు దారిచూపినవి. ఇట్లు మిక్కిలి సూక్ష్మమైన కటకమునకై జీవితములో అధికభాగము శ్రమించిన ఆ ఆచార్యుడే తరువాత సామాన్యమైన చత్వారపు అద్దముల వైపునకు తిరిగెను. తగిన అద్దములు లేని చత్వారపు రోగులు లోకమున 51 కోట్ల 70 లక్షలమంది యుందురని ఆయన బృందము 2008లో అంచనా కట్టినది. హైదరాబాదు సంస్థకు ఆయన చిరకాల మిత్రుడు. ఆయన 2015లో పరమపదించెను. అచ్చటి దృష్టిశాస్త్ర విద్యాలయమునకు ఆయన పేరే పెట్టిరి.

చత్వారము ప్రాణము తీయు వ్యాధి కాదు, అంత శ్రమ యెందుకని కొందరనవచ్చును. 2018లో ప్రకటితమైన ఒక పరిశోధన దీనికి సమాధానము చెప్పుచున్నది. అస్సాము తేయాకు తోటలలో నలుబదేండ్లు నిండిన 751 మంది కూలీలను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు ముందుగను, రెండవ జట్టుకు పరిశోధన ముగిసిన పిదపను దగ్గరిచూపు అద్దములిచ్చిరి. అద్దములున్న జట్టు కోసిన ఆకు, లేనివారికంటె నూటికి సుమారు 22 పాళ్లు అధికముగా పెరిగెను. మంగళగిరి మగ్గము ముందు తెగిన పోగు నతుకు నేతగానికిని, తెనాలిలో కుట్టుమిషను మీద బ్రతుకు దర్జీకిని ఈ లెక్క వర్తింపదా? కూలి పెరిగిన దినమున పొయ్యి మీద కుండయు పెద్దదగును.

మరి అద్దము పల్లెకెట్లు చేరవలెను? దీనికి నాగేశ్వరరావుగారి సంస్థ గోపురము వంటి ఒక ఏర్పాటును రచించినది. అడుగున 5,000 జనమునకు ఊరివాడే యైన ఒక నేత్రరక్షకుడు. 50,000 జనమునకు ఒక దృష్టికేంద్రము. ఐదులక్షలకు శస్త్రచికిత్స జరుపు చిన్న ఆసుపత్రి, 50 లక్షలకు బోధనాసుపత్రి, శిఖరమున ఐదుకోట్లకు ఒక మహాసంస్థ. ఇందులో కీలకము దృష్టికేంద్రము. అచ్చట వైద్యుడుండనక్కరలేదు. సమీపగ్రామమున చదువుకొన్న యువకుడో యువతియో సంవత్సరకాలము శిక్షణ పొంది, చూపు కొలిచి, అద్దములిచ్చి, తనకు మించిన వ్యాధి కనబడినచో పై ఆసుపత్రికి పంపుదురు. సంగం జాగర్లమూడి వంటి ఊరివారు చూపు పరీక్షకై ఒక దినపు కూలి పోగొట్టుకొనవలసిన పని యుండరాదనుట దీని ఉద్దేశము. తరువాతి కాలమున ప్రభుత్వములును ముందునకు వచ్చినవి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న ఆరంభమైన కంటివెలుగు మొదటి విడతలో కోటి 54 లక్షల మందికి పరీక్షలు జరిగినవి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో అనంతపురమున ఆరంభించిన కార్యక్రమము బడిపిల్లలతో మొదలైనది.

ఇక ముందు తరమునకు వేరొక గండము కనబడుచున్నది. 2050 నాటికి లోకజనాభాలో సగముమందికి హ్రస్వదృష్టి పట్టుకొనునని హోల్డెన్ బృందము వేసిన అంచనా, ఆయన మరణానంతరము 2016లో వెలువడినది. పిల్లలు ఆరుబయట వెలుగులో గడపు కాలము తగ్గుట ఇందులకొక ముఖ్యకారణమని సిడ్నీ మొదలగు తావులలో జరిగిన అధ్యయనములు సూచించుచున్నవి. తైవాను దేశమున బడిపిల్లలను దినమునకు రెండుగంటలైనను బయట ఉంచవలెనని 2010 నుండి ప్రోత్సహించుచున్నారు. మన పల్లెపిల్లలు ఒకనాడు చెప్పకుండగనే చేసిన పని యిది. కాలువగట్టు మీద కోతికొమ్మచ్చి ఆడిన కండ్లకు ఆ వెలుగు ఉచితముగా దక్కినది. నేడు దానినే మందువలె వేళకు ఈయవలసి వచ్చుచున్నది.

శ్రోతలు తమ ఇంటివరకు ఈ లెక్కను తామే ఆరంభింపవచ్చును. గోడమీది క్యాలెండరు అంకెలను ఒక్కొక్క కన్ను మూసి చదువుమని పిల్లలనడుగుడు. నలుబది దాటిన ఇల్లాలు సూదిలో దారమెక్కించుచు విసుగుకొన్నచో, అది ఓపికలేమి అనుకొనకుడు. ఐతే అంగడిలో దొరకిన జోడు పెట్టుకొని అంతటితో తృప్తిపడరాదు. నీటికాసులవంటి వ్యాధి నొప్పి తెలియనీయకయే చూపును హరించును గనుక, ఒక్కసారియైనను నేత్రవైద్యునకు కండ్లు చూపించుట మేలు. ఆడపిల్ల కండ్లజోడును దాచి ఉంచుమని మాత్రము ఎన్నడును చెప్పకుడు.

పది వేలమంది కండ్లలోనికి ఒక్కొక్కరిగా చూచిన ఆ శాస్త్రజ్ఞులు క్రొత్త అద్దమును కనుగొనలేదు, క్రొత్త సిద్ధాంతమును చేయలేదు. అద్దము కావలసినవారు ఎచ్చటనున్నారో, ఎందరున్నారో మాత్రము చూపించిరి. కెప్లరు నాటినుండి పోగైన విద్య అరుగుమీది ముసలమ్మ వరకు వచ్చుటకు ఆ లెక్కయే దారి చూపినది. ఆ దారిలో నడువవలసిన దూరము ఇంకను మిగిలియున్నది.